ఊర్మిళ నిద్ర – అమ్మ మెలకువ

తెలుగులో తల్లీబిడ్డల పాటలు ప్రధానంగా రెండు రకాలు. బిడ్డని నిద్రపుచ్చే జోలపాట ఒకటి, నిద్రలేపే మేలుకొలుపు ఇంకొకటి. ఒకటి రాత్రికి, ఒకటి పొద్దుటికి. తాళ్ళపాక అన్నమయ్య దగ్గర్నించి పేరైనా మిగలని అమ్మమ్మల దాకా ఈ రెండూ పాడుకుంటూనే వచ్చారు. రెండింటిలోనూ ఒక విషయం ఎవరూ అడక్కుండానే ఖాయమైపోయి ఉంటుంది: పాడే మనిషి మేలుకునే ఉంటుంది. బిడ్డ కన్ను మూసేదాకా ఆమె కన్ను మూయదు. బిడ్డ కన్ను తెరిచేసరికి ఆమె లేచి, ముఖం కడుక్కుని, పాలు కాచి, గొంతు సవరించుకుని నిలబడి ఉంటుంది. మధ్యలో ఆమె పడుకుందా? పడుకుంటే ఎవరు లేపారు? ఈ సంగతి పాటలకి పట్టలేదు.

ఈ రెండు పాటలకీ అందని బిడ్డలు కొందరున్నారు. జోలకి ఎనిమిదింటికో తొమ్మిదింటికో బాగానే నిద్రపోతారు. కానీ మేలుకొలుపు కోసం ఆగరు. తెల్లవారుజామున నాలుగింటికో నాలుగున్నరకో, వీధి దీపాలింకా వెలుగుతుండగానే, తమంతట తాము లేచి కూర్చుంటారు. ఒంట్లో బాగాలేక లేవడం కాదు, ఆకలీ కాదు. వాళ్ళకి పొద్దు పొడిచింది, అంతే. ఏడాదిన్నర నించి మూడు, నాలుగేళ్ళ దాకా ఇలాంటి పిల్లలతో నెగ్గుకొచ్చిన తల్లులు మన పాఠకుల్లో తక్కువమంది ఉండరు. వాళ్ళని కదిపితే ఎవరి కథ వాళ్ళు చెప్తారు. ఆ కథ మన సాహిత్యంలో ఎక్కడుందని వెతకడమే ఈ వ్యాసం పని.

ముందుగా నాకు తోచిన మాట చెప్పేస్తాను. ఒక ఇంట్లో నిద్ర అనేది ఎవరికి వారు విడివిడిగా అనుభవించే సొంత ఆస్తి కాదు, ఉమ్మడి ఆస్తి. ఒకరు మేలుకుని కాపలా కాస్తేనే ఇంకొకరు నిశ్చింతగా నిద్రపోగలరు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఈ లెక్క మరీ స్పష్టంగా కనిపిస్తుంది. పొద్దున్నే లేచే పిల్లని మనం 'సమస్య' అంటాం. నిజానికి ఆ పిల్ల చేసేదల్లా ఇంటి లెక్కల పుస్తకం తెరిచి అందరి ముందూ పెట్టడమే. ఎవరి నిద్ర ఖర్చవుతోందో, ఎవరి నిద్ర భద్రంగా ఉందో అప్పటిదాకా కనపడదు.

మనందరి చెవుల్లో నానిన మేలుకొలుపు వేంకటేశ్వర సుప్రభాతం. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో రికార్డయినప్పటినించీ అది గుడి మైకుల్లోనించి, రేడియోల్లోనించి మన వీధుల్ని లేపుతూనే ఉంది. అందులో మొట్టమొదట వినపడేది కౌసల్య పేరు. లేపుతున్నది తల్లేనేమో అనిపిస్తుంది. కానీ ఆ శ్లోకం వాల్మీకి రామాయణం బాలకాండలోది. అక్కడ రాముణ్ణి లేపుతున్నది విశ్వామిత్రుడు. అడవి దారిలో, ఆకులు పరిచిన పక్క మీద పడుకున్న పిల్లవాణ్ణి, తల్లి పేరుతో పిలిచి, తెల్లవారింది, చెయ్యాల్సిన పనులున్నాయని లేపుతాడు. కౌసల్య ఆ దరిదాపుల్లో లేదు. అయోధ్యలో ఆ రాత్రి ఆమెకి నిద్రపట్టిందో లేదో వాల్మీకి చెప్పడు. తల్లి పేరు వాడుకుంటూ తల్లి లేని చోట పాడిన పాట అది. మనం రోజూ వినే మేలుకొలుపు లోపల ఇంత ఖాళీ ఉంది.

దీనికి భిన్నమైన ఒక ఉదాహరణ చూడండి. ధనుర్మాసంలో తిరుమలలో సుప్రభాతం ఆపి తిరుప్పావై పాడతారు. పన్నెండుమంది ఆళ్వార్లలో ఒకే ఒక్క స్త్రీ అయిన ఆండాళ్ తమిళంలో రాసిన ముప్ఫై పాశురాలవి. తెలుగు ఊళ్ళలోనూ ఆ నెల రోజులూ వైష్ణవాలయాల్లో వినిపిస్తాయి. అందులో ఆడపిల్లలు ఒక్కొక్క గుమ్మం ముందూ ఆగి, ఇంకా లేవని తమ స్నేహితురాళ్ళని లేపుతారు. ఆ లోపలి పిల్లలు ఓ పట్టాన లేవరు! బద్ధకిస్తారు, పక్కమీదే దొర్లుతారు, బయటివాళ్ళ చేత మాటలు పడతారు. అంతమంది ఆడవాళ్ళు అంత సుఖంగా నిద్రపోవడం నేను ఇంకే ప్రాచీన కావ్యంలోనూ చూడలేదు. ఇంకో విశేషం పదిహేడో పాశురంలో ఉంది. వాళ్ళు నందగోపుడి ఇంటికి వెళ్ళి ముందు నందగోపుణ్ణి లేపుతారు, తర్వాత యశోదని, ఆ తర్వాత కృష్ణుణ్ణి, బలరాముణ్ణి. అంటే ఇక్కడ యశోద నిద్రపోతోంది! బిడ్డని లేపడానికి సిద్ధంగా నిలబడి లేదు. ఇంట్లో అందరితోపాటు ఆమె కూడా నిద్రలో ఉంది, ఆమెని లేపడానికి కూడా ఒకరు రావలసి వచ్చింది. ఇది రాసింది స్త్రీ కావడం యాదృచ్ఛికం అనుకోలేను.

మన తెలుగు స్త్రీల పాటల్లోకి వస్తే, నిద్రే కథావస్తువుగా ఒక పాట ఉంది. ఊర్మిళాదేవి నిద్ర. వెల్చేరు నారాయణరావు 1991లో వచ్చిన తన ప్రసిద్ధ వ్యాసంలో, ప్రధానంగా బ్రాహ్మణ స్త్రీలు ఇళ్ళల్లో పాడుకున్న ఇలాంటి రామాయణపు పాటల్ని వాళ్ళ సొంత రామాయణంగా చదివి చూపించాడు. ఊర్మిళ పాట కథ మనకి తెలిసిందే. తనూ వస్తానంటే లక్ష్మణుడు కాదన్నాడు. అతను అన్నతో అడవికి వెళ్ళిపోయాక ఆమె పక్క ఎక్కి పద్నాలుగేళ్ళు నిద్రపోయింది. తిరిగొచ్చి పట్టాభిషేకం అయ్యాక కూడా ఆమె ఎవరికీ గుర్తులేదు. గుర్తుచేసింది సీత. లక్ష్మణుడు వెళ్ళి పలకరిస్తే, నిద్రమత్తులో ఎవరో పరాయి మగవాడనుకుని ఆమె అతన్ని గట్టిగా మందలిస్తుంది.

దీనికి జంటగా లక్ష్మణదేవర నవ్వు అనే పాట ఉంది. వనవాసంలో తన జోలికి రావద్దని లక్ష్మణుడు నిద్రకి చెప్పుకున్నాడు. గడువు తీరగానే నిండు కొలువులో నిద్ర వచ్చి తన బాకీ అడుగుతుంది. అతనికి నవ్వొస్తుంది. సభలో ఉన్న ప్రతివాళ్ళూ తమ తమ తప్పులు తలుచుకుని, ఆ నవ్వు తమ మీదేననుకుంటారు. లక్ష్మణుడి వాటా నిద్ర కూడా ఊర్మిళే తీసుకుందని జనం చెప్పుకునే కథ ఈ రెండు పాటల్నీ కలుపుతుంది.

చాలాకాలం నేను ఈ పాటని విరహం పాటగా, నిర్లక్ష్యానికి గురైన భార్య పాటగా చదివాను. ఆ అర్థం పోదు. కానీ ఇందులో ఇంకో జ్ఞానం కూడా ఉంది. నిద్ర ఒకరి నించి ఒకరికి బదిలీ అవుతుంది. దానికి గడువులుంటాయి, బాకీలుంటాయి. ఒకరు మేలుకున్న ప్రతి రాత్రీ ఎక్కడో ఒకచోట జమ అవుతుంది. ఉమ్మడి కుటుంబాల్లో తెల్లారగట్ల లేచి కల్లాపి చల్లి, అర్ధరాత్రి దాకా గిన్నెలు సర్దిన స్త్రీలకి ఈ లెక్క తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తమకి దొరకని దాన్నే వాళ్ళు ఊర్మిళకి ఇచ్చారు. ఒకటి రెండు గంటలు కూడా కాదు, ఏకంగా పద్నాలుగేళ్ళు! మొగుడి వాటా కూడా కలిపి! కాకపోతే ఆ కోరిక నెరవేరడానికి వాళ్ళు రెండు షరతులు పెట్టవలసి వచ్చింది. మొగుడు ఇంట్లో ఉండకూడదు, ఒళ్ళో బిడ్డ ఉండకూడదు. బిడ్డతల్లికి నిద్రనివ్వడం ఆ పాట కట్టినవాళ్ళ ఊహకి కూడా అందలేదు.

ఆధునిక కథలో ఈ కోరికని తిరిగి అందుకున్నది అబ్బూరి ఛాయాదేవి. 'తన మార్గం' సంపుటికి 2005లో ఆమెకి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 'బోన్సాయ్ బ్రతుకు' గురించి మనం ఎంతో మాట్లాడుకున్నాం. 'సుఖాంతం' గురించి అంత మాట్లాడలేదేమో అనిపిస్తుంది. అందులో స్త్రీకి పెద్ద ఆశయాలేమీ లేవు. ఆమెకి కావలసింది కంటినిండా నిద్ర. పుట్టింట్లోనూ, కాపురంలోనూ, పిల్లలు పుట్టాకా ఎవరో ఒకరు, ఏదో ఒక పని ఆమెని నిద్రలోంచి లాగుతూనే ఉంటారు. వాళ్ళలో ఎవరూ దుర్మార్గులు కాదు. ఎవరి అవసరం వాళ్ళది. చివరికి నిద్రమాత్రలు ఆమెకి ఎవరూ చెడగొట్టలేని నిద్రనిస్తాయి. రచయిత్రి దానికి పెట్టిన పేరు సుఖాంతం. ఛాయాదేవి గొంతు ఎంత మెల్లగా ఉంటుందో, కోత అంత లోతుగా ఉంటుంది. ఊర్మిళకి పద్నాలుగేళ్ళ తర్వాత మెలకువ ఉంది. ఈమెకి అది కూడా లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే భయం వేస్తుంది. పురాణంలో భర్త దూరమైతే నిద్ర, ఆధునిక కథలో తనే లేకుండాపోతే నిద్ర. బతికున్న తల్లికి, తన ఇంట్లో, తన పిల్లల మధ్య నిద్ర దొరికే కథ ఏదీ?

ఈ ప్రశ్న మన స్త్రీవాద సాహిత్యాన్ని కూడా అడగాలి. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్'తో పురిటినొప్పులు కవిత్వంలోకి వచ్చాయి. విమల 'వంటిల్లు'తో వంటింటి పొగ, మసి వచ్చాయి. పి. సత్యవతి 'ఇల్లలకగానే'లో ఇల్లు అలికీ అలికీ సొంత పేరే మర్చిపోయిన గృహిణి వచ్చింది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం చదివిన మా తరానికి ఇవి పాఠాలు. ప్రసూతి గది తలుపు దాటి బయటికొచ్చిన తల్లి మళ్ళీ మనకి కనిపించేసరికి ఆమె వంటింట్లో ఉంటుంది, పిల్లలు బడికెళ్ళే వయసులో ఉంటారు. మధ్యలో ఆ మూడు, నాలుగేళ్ళు ఏమయ్యాయి? ఒకే మనిషి నిద్ర రోజుకి ఇంతని తరిగిపోయే ఆ కాలం మన పేజీల్లో పల్చగా ఉంది.

దీనికి కారణం ఊహించగలను. మాతృత్వాన్ని ఆకాశానికెత్తే సాహిత్యంతో పోట్లాడి బయటపడ్డ మనకి, పిల్లల పెంపకంలో చిన్నచిన్న వివరాలు రాయడమంటే మళ్ళీ అదే ఉచ్చులో పడతామన్న జంకు ఉంది. ఆ సంగతులు వారపత్రికల 'మీ పాపాయి' పేజీలకి వదిలేశాం. అక్కడ వాటికి సలహాల రూపం వచ్చింది, ప్రశ్నల రూపం రాలేదు.

సలహాల సంగతీ చూద్దాం, అవి కూడా ఒక సాహిత్యమే. పిల్లల నిద్ర మీద అమెరికాలో ఒక పుస్తకాల పరిశ్రమే ఉంది. 1985లో రిచర్డ్ ఫెర్బర్ రాసిన పుస్తకం దానికి మూలపురుషుడి లాంటిది. వాటిలో చాలా విషయాలు పనికొస్తాయి, కాదనను. తెల్లవారుజామున నిద్ర తేలిగ్గా ఉంటుంది, ఎందుకంటే రాత్రంతా పడుకున్న శరీరానికి నిద్ర అవసరం అప్పటికి చాలావరకు తీరిపోయి ఉంటుంది. ఆ సమయంలో చిన్న వెలుతురు, చిన్న చప్పుడు చాలు. పొద్దున కంటిమీద పడే వెలుతురు ఒంట్లోని గడియారాన్ని ఇంకా ముందుకి జరుపుతుంది. హైదరాబాదులో జనవరిలో సూర్యోదయం 6.45 దాటాక, మే నెలాఖరుకి 5.40కే. వేసవిలో పిల్లలు ఇంకా ముందే లేస్తున్నారంటే తల్లి పెంపకం పాడైందని అర్థం కాదు. రాత్రి ఆలస్యంగా పడుకోబెడితే పొద్దున్న ఆలస్యంగా లేస్తారన్న లెక్క కూడా చాలాసార్లు పనిచేయదు. అలసట ముదిరి ఇంకా ముందే లేచే పిల్లలున్నారు. రోజూ నాలుగున్నరకే పాలు పడితే ఆ వేళకే ఆకలి అలవాటవుతుంది. 2016లో అమెరికన్ నిద్ర వైద్యుల సంఘం చెప్పినదాని ప్రకారం ఒకటి, రెండేళ్ళ పిల్లలకి పగటి నిద్రతో కలిపి 11 నించి 14 గంటలు, మూడు నించి అయిదేళ్ళ వాళ్ళకి 10 నించి 13 గంటల నిద్ర కావాలి. అంటే రాత్రి ఎనిమిదింటికి పడుకుని, మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోయే రెండేళ్ళ పిల్ల అయిదింటికి లేచిందంటే, ఆ పిల్ల నిద్ర సరిపోయినట్టే! సరిపోనిది తల్లికి.

అయితే ఈ పుస్తకాలు ఎవరింటి గురించి రాశారు? బిడ్డకి వేరే గది, కటకటాల మంచం, కిటికీకి నల్లటి మందపు తెర. లేచిన బిడ్డని కాసేపు ఏడవనివ్వండి, వెళ్ళేముందు ఇన్ని నిమిషాలు ఆగండి అంటాయి. 2010లో 17 దేశాల్లో మూడేళ్ళలోపు పిల్లలు 29 వేల మందికి పైగా తల్లిదండ్రుల్ని అడిగి చేసిన అధ్యయనం ఒకటుంది. మన దేశంతో సహా ఆసియా దేశాల్లో పిల్లల్లో అత్యధికులు పెద్దవాళ్ళతో ఒకే గదిలో పడుకుంటారని, రాత్రి ఆలస్యంగా పడుకుంటారని, మొత్తం మీద తక్కువ నిద్రపోతారని అందులో తేలింది. రెండు గదుల అద్దె ఇంట్లో, పక్క వాటాకి ఒకే గోడ అడ్డమున్న చోట, హాల్లో మావగారు పడుకుని ఉండగా ఎవరు ఎవరిని ఏడవనివ్వగలరు? పిల్ల నోరు తెరిచే లోపలే చంకనేసుకుని బాల్కనీలోకి పరిగెత్తుతాం. పిల్లని ఊరుకోబెట్టడం కోసమే కాదు, ఇంట్లో మిగతావాళ్ళ నిద్రని కాపాడడం కోసం. ఆ పుస్తకాలకి ఈ కాపలా పని కనపడదు. మన మర్యాదలకి అది పనిగానే కనపడదు.

దీనికి తోడు మనకి బ్రాహ్మీ ముహూర్తం ఉంది. సూర్యోదయానికి ఇంచుమించు గంటన్నర ముందు మొదలయ్యే ఆ వేళ ధ్యానానికి, చదువుకి శ్రేష్ఠమంటారు. మా పాపకి రెండున్నరేళ్ళు. సరిగ్గా ఆ ముహూర్తానికే లేస్తుంది. నా కనురెప్పలు వేళ్ళతో తెరిచి, లోపల నేనున్నానో లేనో చూసుకుంటుంది. మా అత్తయ్యతో ఈ మాట అంటే, "మంచి అలవాటేగా అమ్మాయ్, బాగా చదువుకుంటుంది" అంది. నిజమే, ఆ వేళ చదువుకోవడం నాకూ మంచి అలవాటే. పిహెచ్‌.డి. సిద్ధాంతగ్రంథంలో సగం పైన నాలుగింటికీ ఆరింటికీ మధ్యే రాశాను. ఇప్పుడు ఆ రెండు గంటలూ మా పాప తీసుకుంది. శ్రేష్ఠమైన ముహూర్తం ఒకటే ఉన్నప్పుడు అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది.

స్త్రీకి సొంత గది కావాలని వర్జీనియా వుల్ఫ్ 1929లో అన్న మాట మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. పిల్లలున్న రచయిత్రులకి గది కంటే ముందు దొరికేది ఒక గంట. సిల్వియా ప్లాత్ 1962 శరత్కాలంలో, రెండేళ్ళ కూతురు, ఏడాది నిండని కొడుకు లేచేలోపు, తెల్లవారుజామున నాలుగింటినించి కూర్చుని తన గొప్ప కవితలు రాసింది. టోనీ మారిసన్ ఇద్దరు కొడుకుల్ని పెంచుతూ, ఉద్యోగం చేస్తూ, తెల్లవారకముందే లేచి రాసే అలవాటు చేసుకుంది. ఈ ఉదాహరణలు మనకి స్ఫూర్తిగా చెప్తుంటారు. నాకు మాత్రం వాటిలో ఒక సన్నటి దారం మీద నడక కనిపిస్తుంది. ఆ పిల్లలు ఆరింటిదాకా పడుకున్నారు కాబట్టి ఆ కవితలున్నాయి. నాలుగింటికే లేచిన పిల్లల తల్లులు రాయని కవితల మాటేమిటి? సాహిత్య చరిత్రలో ఖాళీల్ని మనం కులం, చదువు, పెళ్ళి, అత్తగారిల్లు అన్న కారణాలతో వివరిస్తాం. నిద్ర అన్న కారణం కూడా చేర్చాలి.

మా ఇంట్లో ఇప్పుడు వంతులు పెట్టుకున్నాం. సోమ, బుధ, శుక్రవారాలు నా సహచరుడివి, మంగళ, గురు, శనివారాలు నావి, ఆదివారం ఎవరికి ముందు మెలకువ వస్తే వాళ్ళది. కాగితం మీద ఇది న్యాయంగా ఉంది. అతను నిజాయితీగా లేస్తాడు, పాపని హాల్లోకి తీసుకెళ్తాడు, దీపం వెయ్యకుండా బొమ్మలు ముందు పెట్టి కూర్చుంటాడు. నేను మంచం మీదే ఉంటాను. కానీ నిద్రపోను. అది నవ్వుతోందా, దగ్గుతోందా, తలుపు గడియ దగ్గరికెళ్ళిందా, నా చెవులు పని చేస్తూనే ఉంటాయి. నా వంతు రోజు అతను గురక పెట్టి నిద్రపోతాడు. అందులో అతని దోషం లేదు. అతని చెవులకి చిన్నప్పటినించీ ఆ పని ఎవరూ నేర్పలేదు. నిద్రంటే గంటల లెక్క కాదని, వినకుండా ఉండగలిగే హక్కని అప్పుడర్థమైంది. ఊర్మిళకి దొరికింది అదే. 'సుఖాంతం'లో స్త్రీ వెతుక్కున్నదీ అదే. శరీరం పడుకోగానే నిద్ర అయిపోదు. ఇల్లు తన మీద లేదన్న నమ్మకం కుదరాలి. వంతుల కాగితం ఆ నమ్మకానికి మొదటి మెట్టు మాత్రమే. మూడు నెలలైంది. ఈ మధ్య కొన్ని బుధవారాలు నాకు నిజంగానే నిద్రపడుతోంది.

ప్రభుత్వానికి ఈ విషయం కొంత తెలుసు! జాతీయ గణాంక కార్యాలయం 2019లో, మళ్ళీ 2024లో దేశవ్యాప్తంగా కాలవినియోగ సర్వే చేసింది. అందులో 'రోజు' అంటే తెల్లవారుజామున నాలుగింటినించి మర్నాడు నాలుగింటి దాకా. మన ఆడవాళ్ళ రోజు ఎప్పుడు మొదలవుతుందో ఎవరు చెప్పారో గానీ, సరిగ్గా చెప్పారు. ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకి సగటున దానిమీద వెచ్చించే సమయం 2019లో 299 నిమిషాలు, 2024లో 289. అదే పని చేసే మగవాళ్ళు వెచ్చించేది 97 నించి 88కి తగ్గింది. స్త్రీల పని పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళు కూడా తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారన్నమాట! పిల్లల్నీ పెద్దవాళ్ళనీ చూసుకోవడంలో 2024లో ఈ లెక్క స్త్రీలకి 137, పురుషులకి 75 నిమిషాలు. అయితే ఆ సర్వేలో రోజుని అరగంట ముక్కలుగా కోసి రాసుకుంటారు. ఒకే ముక్కలో రెండు మూడు పనులుంటే పది నిమిషాలైనా చేసినవే లెక్కలోకి వస్తాయి. నాలుగుంబావుకి లేచి అయిదు నిమిషాలు జోకొట్టి, మళ్ళీ కన్ను మూసి, ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ లేచిన తల్లి ఆ అరగంటలో నిద్రపోయినట్టే నమోదవుతుంది. కళ్ళు మూసుకుని చేసే కాపలాకి అంకె లేదు. అంకె లేనిదాన్ని పట్టుకోవలసింది సాహిత్యమే కదా!

ఇక్కడ ఆగితే ఇది మధ్యతరగతి చదువుకున్న స్త్రీ ఫిర్యాదుగా మిగిలిపోతుంది. మా వీధి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు మేం బాల్కనీలోకొచ్చేసరికే పనిలో ఉంటుంది. ఆమె పిల్లలు లేచేసరికి ఆమె ఇంట్లో ఉండదు. నాట్ల కాలంలో తెల్లారకుండానే ట్రాక్టరెక్కే కూలితల్లులదీ అంతే. 'పిల్ల మరీ పొద్దున్నే లేస్తోంది' అన్నది నాకు బాధ. 'పిల్ల లేచినప్పుడు నేను లేను' అన్నది ఆమె బాధ. జోల, మేలుకొలుపు పాటలు ఊహించిన తల్లి ఈమె కానే కాదు. ఒళ్ళోని బిడ్డని లేపడానికైనా ఇంట్లో ఉండగలిగిన తల్లి ఆ పాటలు పాడింది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో దళిత స్త్రీల సాహిత్యం 'నల్లపొద్దు'గా వచ్చింది. ఆ పేరు చూసినప్పుడల్లా, పొద్దు అందరికీ ఒకే రంగులో పొడవదన్న విషయం నాకు గుర్తొస్తుంది. అలాగే నా చదువుకి రెండు గంటలు మిగిల్చే ఏర్పాట్లలో ఇంకో స్త్రీ నిద్ర కలిసి ఉండే ప్రమాదం ఎప్పుడూ ఉంది. పొద్దున్నే వచ్చే పనమ్మాయి నిద్ర, 'పెద్దవాళ్ళకి ఎలాగూ నిద్రపట్టదు' అని మనం తేలిగ్గా అనేసే అమ్మ నిద్ర, అమెరికాలో కూతురి పురుడు కోసం విమానమెక్కి ఆర్నెల్లు పగలూ రాత్రీ తారుమారైన అత్తగారి నిద్ర. బాకీ ఒక స్త్రీ పేరు మీదనించి ఇంకో స్త్రీ పేరు మీదకి మారితే దాన్ని తీరడం అనరు.

కాబట్టి పొద్దున్నే లేచే పిల్లలతో ఎలా నెగ్గుకురావాలి అన్న ప్రశ్నకి రెండు జవాబులు కావాలి. మొదటిది ఇంటికి సంబంధించింది. కిటికీకి పాత దుప్పటి కట్టండి, పాల వేళ మెల్లగా వెనక్కి జరపండి, రాత్రి పడక ఆలస్యం చెయ్యకండి. ముఖ్యంగా, ఇంట్లో ఎవరు ఎన్ని తెల్లవారుజాములు లేచారో ఒక నెలపాటు గోడ క్యాలెండరు మీద గీతలు పెట్టండి. ఆ గీతలు చేసే వాదన ఏ వ్యాసమూ చెయ్యలేదు. రెండోది మన రాతకి సంబంధించింది. ఈ నాలుగేళ్ళ గురించి, కీర్తన లేకుండా, సిగ్గుపడకుండా రాయాలి. ఎవరు ఎంతసేపు పడుకున్నారని ప్రతి కథనీ, ప్రతి పాటనీ అడుగుతూ చదవాలి. ఈ ప్రశ్న ఎంత చిన్నదో, అంత దూరం తీసుకెళ్తుంది.

జోలకీ మేలుకొలుపుకీ నడుమ మనకి ఇంకో పాట కావాలి. చీకటుండగానే లేచి కూర్చున్న బిడ్డని ఎత్తుకుని, తండ్రో, తాతో, మేనమామో పాడవలసిన పాట. దానికి గొప్ప రాగం అక్కర్లేదు. కావలసిందల్లా గొంతు బాగా తగ్గించి పాడడం, పక్కగదిలో తల్లికి మెలకువ రాకుండా.